పులిహోర పులుపు కొలిచిన హనోకు గారు

ఈ వీడ్కోలు సంచిక చేతికందినవారు కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చినవారికి పక్కనున్నవారు చదివి వినిపించండి. కాటా దగ్గరివారూ, బాయిలర్ వారూ, ముఖ్యంగా ఈ నాలుగైదేళ్ళలో చేరిన పిల్లలూ, మీరు ముందుకు రండి. ఇందులో మీరు ఇంతవరకు వినని సంగతి ఒకటి ఉంది.

శ్రీ హనోకు గారు 1980వ సంవత్సరం నవంబరు మూడవ తేదీ, సోమవారం నాడు, మన చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో సీజనల్ సహాయకులుగా ఉద్యోగంలో ప్రవేశించారు. అప్పటికి వారి వయస్సు ముప్పై రెండు సంవత్సరాలు. అంతకుముందు నిజామాబాదులో ఒక ఉన్నత పాఠశాల సైన్సు గదిలో సీసాలు కడిగి, సామాను సర్ది, పిల్లలకు ప్రయోగాలు చూపించే పనిలో ఎనిమిదేళ్ళు ఉన్నారు. సీజనల్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. చెరుకు ఆడే ఆరు నెలలు పూర్తి జీతం, మిగిలిన ఆరు నెలలు అందులో కొంత భాగం. పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చేదాకా ఏటా నవంబరులో పిలుపు వస్తుందో రాదో అని ఎదురుచూడవలసిన కొలువు అది.

ప్రయోగశాలలో వారి పని రసం పరీక్ష. గానుగలోంచి వచ్చిన పచ్చి చెరుకు రసంలో సహజంగా కొంత పులుపు ఉంటుంది. ఆ పులుపు విరగడానికి సున్నపు పాలు పోస్తారు. ఎంత పోయాలో తేల్చేది పీహెచ్ అనే ఒక అంకె. ఏడు ఉంటే సమానం, ఏడుకంటే తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ, ఏడును మించినకొద్దీ సున్నం గుణం ఎక్కువ. దానిని చూపించే మీటరు ఒకటి బల్లమీద ఉండేది. హనోకు గారు ప్రతి ఉదయం ఆ మీటరును రెండు సీసాలలో ముంచి చూసేవారు. ఒక సీసాలోని ద్రవం నాలుగు చూపాలి, రెండవది ఏడు చూపాలి. రెండూ సరిగా చూపిన తరువాతనే రసం గ్లాసు ముట్టుకునేవారు. తోటివారు నవ్వేవారు.

“హనోకు సారూ, మీ మీటర్‌కు రోజు హాజరు పలికిస్తరా?”

“పలికియ్యాలె తమ్మీ. మనం రోజు పలుకుతలేమా?” అనేవారు.

నేను 1978లో ఇక్కడి క్యాంటీనులో వంటమనిషిగా చేరాను. చెరుకు ఆడే కాలంలో నిజాంసాగర్ కాలువ కింది ఊళ్ళనుంచి ఎడ్లబండ్లు వందల సంఖ్యలో వచ్చి యార్డులో వరుస కట్టేవి. టోకెను తీసుకున్న బండి కాటా ఎక్కేసరికి ఒక్కోసారి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. బండిని వదిలి రైతు ఎక్కడికీ పోలేడు కనుక క్యాంటీనువారే పులిహోర ప్యాకెట్లు కట్టి బండ్ల దగ్గరికి పంపే ఏర్పాటు ఉండేది. ఉదయం డేగిసలో కలిపిన పులిహోరను మోదుగాకులో పెట్టి, పైన పేపరు చుట్టి, దారం కట్టేవాళ్ళం. కట్టేపని, పంచేపని రుక్మాబాయిది. ఆమె సరిహద్దు అవతలి ఊరినుంచి వచ్చిన రోజుకూలి మనిషి, కోపం వస్తే మరాఠీలోను, నవ్వు వస్తే తెలుగులోను మాట్లాడేది. సాయంత్రం వరకు తిన్నా, మరునాడు తిన్నా పులిహోర చెడిపోదని మా అందరి నమ్మకం. తొమ్మిదేళ్ళు ఆ నమ్మకానికి లోటు రాలేదు. ఎందుకు రాలేదో మాత్రం మాలో ఎవరికీ తెలియదు.

హనోకు గారి ఉద్యోగ జీవితాన్ని గురించి చెప్పమని, తామే రాసుకుంటామని సంచికవారు నన్ను అడిగినప్పుడు, ఆయన పొందిన పదోన్నతులు, చేసిన సేవలు వరుసగా చెప్పి ముగిద్దామనే మొదట అనుకున్నాను. కాని 1987 ఫిబ్రవరిలో జరిగినది చెప్పకపోతే ఆ వరుసలో మూడు సంవత్సరాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో చదివేవారికి అర్థం కాదు. కనుక చెబుతున్నాను.

ఆ ఏడు చింతపండు కొత్తది, మహా పులుపు. బండ్లవాళ్ళు యార్డులో కూర్చుని పొద్దంతా చెరుకు నమిలేవారు. తీపి నమిలిన నోటికి పులుపు రెండింతలు తగులుతుందని నేను అప్పుడు ఆలోచించలేదు. నేనూ పొద్దున్నే ఒక గ్లాసు చెరుకు రసం తాగి పులిహోర రుచి చూసేదానిని. ఫిబ్రవరి పదహారవ తేదీన, పెద్ద రైతు ఆశన్న ప్యాకెట్టు చేతపట్టుకుని క్యాంటీను కిటికీ దగ్గరికే వచ్చాడు.

“ఏందే అంజవ్వా, గిది పులిహోరనా, ఇత్తడి బిందెలు తోమే చింతపండా? పండ్లు జివ్వుమంటున్నయ్.”

“పండ్లుంటె జివ్వుమంటయ్. లేనోళ్లు మంచిగనే తింటుండ్రు.”

“నవ్వుతున్నవా? ఎడ్లకు పెడితె ఎడ్లు గూడ మొఖం తిప్పుకున్నయ్.”

యార్డు మొత్తం నవ్వింది. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. తొమ్మిదేళ్ళుగా నా పులిహోరను ఎవరూ ఒక మాట అనలేదు.

మరునాడు, మంగళవారం ఉదయం, డేగిసలో అన్నం కలుపుతూ రుచి చూశాను. మళ్ళీ పులుపే అనిపించింది. అన్నం తీసేయడానికి లేదు, కొత్తగా వండి కలపడానికి సమయం లేదు. రసం పులుపైతే సున్నం పోసి విరగ్గొట్టే ఫ్యాక్టరీలో పనిచేసేదానిని కనుక నాకు వేరే ఆలోచన రాలేదు. గారెలలో వేసే సోడా డబ్బా తీసి, రెండు పిడికిళ్ళు డేగిసలో చల్లాను. సోడా పడిన చోట పసుపు అన్నం ఎర్రబడింది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి రంగు. గంటె పెట్టి గబగబా కలిపాను. ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగుకు వచ్చింది. రుచి చూస్తే పులుపు దిగింది. నాకు సంతోషమైంది. రుక్మాబాయి రెండు వందల పైచిలుకు ప్యాకెట్లు కట్టి యార్డులో పంచింది.

ఆ మధ్యాహ్నమే గానుగ రోలరు విరిగింది. బండ్లు కదలలేదు. ఎప్పటిదాకా ఆగవలసి వస్తుందో తెలియక రైతులు ఒక ప్యాకెట్టు తిని ఒక ప్యాకెట్టు దాచుకున్నారు. ఎండలో, చెరుకు మోపుల సందులో దాచిన ఆ ప్యాకెట్లను బుధవారం మధ్యాహ్నం విప్పి తిన్నారు. పొద్దుగుంకే లోపల ఇరవై ముగ్గురు వాంతులతో పడిపోయారు. అందరికంటే ఎక్కువగా ఆశన్నకే చేసింది. ట్రాక్టరులో వేసి బోధనుకు తీసుకుపోయారు. రాత్రంతా సెలైను ఎక్కించిన తరువాత గాని కళ్ళు తెరవలేదు. దేవుని దయవల్ల ఎవరి ప్రాణమూ పోలేదు.

ఆ గందరగోళంలో అందరూ మనుషుల వెంట పరుగెత్తుతూ ఉండగా, హనోకు గారు యార్డులో బండి బండికీ తిరిగి, విప్పని ప్యాకెట్లు నాలుగు సంపాదించారు. రైతులు తాగిన కాలువ నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకున్నారు. గురువారం ఉదయం ప్రయోగశాల తలుపు తీసి, మొదట మీటరును రెండు సీసాలలో ముంచి చూసుకుని, తరువాత ఒక పాలు అన్నానికి మూడు పాళ్ళు స్వేదనజలం పోసి, మెత్తగా నూరి, బట్టలో వడకట్టి, ఆ తేటలో మీటరు ముంచారు. సరిగా కలిపిన పులిహోర నాలుగు దగ్గర ఉండవలసినది. ఐదు పాయింట్ ఎనిమిది చూపింది. రెండవ ప్యాకెట్టు, మూడవది, నాలుగవది కూడా దాదాపు అంతే.

నేను టీ కెటిల్ పట్టుకుని ప్రయోగశాల వరండాలో నిలబడి ఉన్నాను. క్యాంటీను వ్యవహారాలు చూసే అధికారి రాజేశ్వర్ గారు అప్పుడే లోపలికి వచ్చారు. వారు చెడ్డవారు కారని ముందే చెబుతున్నాను. పైనుంచి విచారణ వస్తున్నది, వారి తలమీద కత్తి వేలాడుతున్నది.

“ఎంతొచ్చింది హనోకు గారూ?”

“ఐదు పాయింట్ ఎనిమిది సార్.”

“మీటర్ ఖరాబయిందేమో సూడుండ్రి.”

“సూసిన సార్. నాలుగు సీసల నాలుగే సూపిచ్చింది, ఏడు సీసల ఏడే సూపిచ్చింది.”

“అరె, నాలుగని రాయుండ్రి. అన్నం మంచిగనే ఉండె, కాల్వ నీళ్లు తాగి పడ్డరని నేను రాస్త. ఎవలకు నష్టం? అంజవ్వ నౌకరి నిలుస్తది. మార్చిల పర్మనెంటు లిస్టు పోతది, అండ్ల మీ పేరు మూడోది. యాదికున్నదా?”

“యాదికున్నది సార్. కాల్వ నీళ్లు గూడ సూసిన. ఎప్పుడున్నట్టే ఉన్నయ్. గవే నీళ్లు తాగి ప్యాకెట్ తిననోళ్లు మంచిగనే ఉన్నరు.”

“మీరు రసం సూసెటోళ్లు. పులిహోర సంగతి మీకెందుకు?”

దానికి హనోకు గారు జవాబు చెప్పలేదు. రాజేశ్వర్ గారు పోతూ పోతూ గుమ్మంలో ఆగి అన్నారు: “గట్ల కాదంటె ఇంకొక రస్తున్నది. ప్యాకెట్లు కట్టింది రుక్మాబాయి. చేతులు మంచిగ కడుక్కోలేదని రాసి, రేపటి సంది రావద్దంటె అయిపాయె. సాయంత్రం దాక ఆలోచన చెయ్యుండ్రి. రేపు పొద్దుగాల్ల కాగితం కావాలె.”

నా భర్త పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేను హనోకు గారి క్వార్టరుకు వెళ్ళాను. వారి భార్య శారమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. హనోకు గారు లోపల బల్లమీద తెల్లకాగితం పెట్టుకుని ఉన్నారు.

“సారూ, నాలుగని రాయుండ్రి. మీ కాల్మొక్త.”

“కాళ్లు మొక్కుడు వద్దక్కా, కూసో. నన్నొకటి అడగనీ. పులిహోర ఎన్నేండ్ల సంది చేస్తున్నవు?”

“తొమ్మిదేండ్లు.”

“తొమ్మిదేండ్లల ఎవలకన్న కడుపు నొచ్చిందా?”

“లేదు.”

“మరి మొన్న కొత్తగ ఏమేసినవ్?”

శారమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపింది.

“డేగిసల ఏడనన్న ఎర్రగయ్యిందా?” అని అడిగారు.

ఆ మాట వినగానే నాకు దుఃఖం ఆగలేదు. ఆ ఎరుపును నేను తప్ప ఎవరూ చూడలేదు. “అయ్యింది సారూ. సోడ ఏసిన. గంటెతోని కలిపితె పోయింది.”

“పసుపు గట్లనే చేస్తది. సున్నం తగిలినా, సోడ తగిలినా ఎర్రగయితది. కలిపినంక ఎరుపు పోయింది, దాంతోని పులుపు గూడ పోయింది.”

“ఎంతేసినవక్కా?” శారమ్మ అడిగింది.

“రెండు పిడికిళ్లు.”

“యేసయ్యా! మా అత్త గారెల పిండిల గూడ రెండు వేళ్లతోని గిల్లి ఏస్తది.”

హనోకు గారు అప్పుడు నాకు ఆ సంగతి విప్పి చెప్పారు. బియ్యంతో పాటే ఒక జాతి సూక్ష్మజీవి వస్తుందట. అన్నం ఉడికినా అది చావదు. విత్తనంలాగ ముడుచుకుని ఉంటుంది. అన్నం వెచ్చగా చాలాసేపు ఉంటే లేచి పెరిగి విషం విడుస్తుంది. తగినంత పులుపు ఉంటే లేవదు. తొమ్మిదేళ్ళు నా పులిహోరను కాపాడినది చింతపండు. సోడాతో ఆ కాపలాను నేనే తీసేశాను.

“తెల్వక ఏసిన సారూ. మీరు నాలుగని రాస్తె నా నౌకరి ఉంటది, మీరు పర్మనెంటయితరు. పడ్డోళ్లు లేసిండ్రు. ఇంక ఎవలకు నొప్పి?”

“రేపు మల్ల డేగిస ఎక్కుతది. కలిపేది నువ్వో, ఇంకొకలో. పులుపెక్కువైందని ఎవలన్న అంటరు, మల్ల సోడ పడ్తది. నేను నాలుగని రాస్తె, ఐదు దాటితె మనుషులు పడిపోతరన్న ముచ్చట వాళ్లకు ఎవలు చెప్పాలె?”

“మీకు పిల్లలు లేరా సారూ?” కోపంతోనే అన్నాను.

శారమ్మ జవాబు చెప్పింది. “ఇద్దరున్నరు. మా ఆర్డరు గూడ గా కాగితంలనే ఉన్నదక్కా. నేను పొద్దుగాల్నే అడిగిన, బతిమిలాడిన, తిట్టిన. నాకు గూడ గిదే జవాబు.”

శారమ్మ లేచి టీ పెట్టింది. టీ తాగిన తరువాత హనోకు గారు నాతో ఒక మాట అన్నారు. ఆ మాటను ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

“అక్కా, ‘వంటశాలలో సోడా కలిసినది’ అని రాసి ఊకుంటె నీ పేరు రాదు. కని అప్పుడు రాజేశ్వర్ సార్ ఎవల పేరన్న పెట్టుకోవచ్చు. నీ పేరు రాయాల్నా వద్దా, నువ్వే చెప్పు.”

ఎవరి పేరు పెడతారో నేను పొద్దున విన్నాను. రుక్మాబాయికి నాలాగ పర్మనెంటు కొలువు కూడా లేదు. రావద్దంటే ఆనాటితో సరి. అడగడానికి ఆమెకు కాగితమంటూ ఒకటి లేదు.

“రాయుండ్రి. అంజవ్వ అనే రాయుండ్రి. ఏసింది నేను, రుక్మ కాదు.”

వారు రాసి, నాకు రెండుసార్లు చదివి వినిపించారు. అందులోని మాటలు నాకు ఇప్పటికీ ఈ విధంగా జ్ఞాపకమున్నాయి: “పరీక్షించిన నాలుగు ప్యాకెట్లలోను పీహెచ్ 5.8 సమీపంలో ఉన్నది. ఉండవలసినంత పులుపు లేనందున అన్నం చెడిపోవుటకు అవకాశం కలిగినది. పులుపు ఎక్కువైనదన్న ఫిర్యాదుపై వంటమనిషి అంజవ్వ తినే సోడా కలిపినది. అది హానికరమని ఆమెకు తెలిపినవారు లేరు. పులుపును కొలిచే సాధనము, కొలవడం తెలిసిన మనుషులు వంటశాలకు నూరు గజాల దూరంలోని ప్రయోగశాలలోనే ఉన్నప్పటికీ, ఈ క్రింద సంతకం చేసిన నాతో సహా ఎవరమూ ఆ అన్నాన్ని ఏనాడూ పరీక్షించలేదు. ఇది ప్రయోగశాల లోపము.”

చివరి వాక్యం విన్నప్పుడు శారమ్మ తల పట్టుకుంది. “అడగని తప్పు గూడ మీదేసుకుంటున్నవా?” అన్నది.

“పులిహోర నీకెందుకన్నడు గద రాజేశ్వర్ సారు. గా మాటకు పొద్దుగాల్ల జవాబు దొర్కలేదు. ఇప్పుడు దొరికింది,” అని సంతకం చేశారు.

మరుసటి ఉదయం ఆ కాగితం పైకి వెళ్ళింది. నాకు ఇరవై రోజుల సస్పెన్షన్ వచ్చింది. తెలిపినవారు లేరన్న ఆ ఒక్క వాక్యం వల్ల ఉద్యోగం మాత్రం పోలేదు. రుక్మాబాయి మీద ఎవరూ వేలు ఎత్తలేదు. మార్చిలో పర్మనెంటు జాబితా వచ్చింది. ఐదుగురు ఉండవలసిన దానిలో నలుగురే ఉన్నారు. హనోకు గారికి జాబితాకు బదులు మెమో వచ్చింది, ప్రయోగశాల లోపమని వారే రాసి ఇచ్చారు కనుక. నోటీసు బోర్డు మీద మాత్రం అన్నం చెడిపోవడానికి యంత్ర మరమ్మతు వల్ల జరిగిన ఆలస్యమే కారణమని రాశారు. అందువల్ల యార్డులోని రైతులకు గాని, తరువాత చేరిన ఉద్యోగులకు గాని సోడా సంగతి తెలియలేదు. ఆశన్నకు కూడా నేను చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన 2003లో కాలం చేశారు.

ఆ కాగితం వల్ల జరిగిన మేలు ఒకటి ఉంది. ప్రయోగశాలవారు పరీక్షించి చీటీ ఇవ్వనిదే ఒక్క ప్యాకెట్టు కూడా యార్డులోకి పోరాదని మార్చి మొదటి వారంలోనే ఉత్తర్వు వచ్చింది. నేను తిరిగి పనిలో చేరిన రోజు ఉదయం హనోకు గారు చిన్న రోలు, బట్ట, గ్లాసులు పట్టుకుని క్యాంటీనుకు వచ్చారు. డేగిస నాలుగు మూలలనుంచి, నడిమధ్య నుంచి ఐదు పిడికిళ్ళు తీసి, విడివిడిగా నూరి చూసేవారు. ఒక మూల పులుపు ఉండి మరొక మూల లేకపోవచ్చునని వారి అనుమానం. మొదటి వారంలోనే ఆ అనుమానం నిజమైంది, నేను కలపడం మార్చుకున్నాను. నాలుగు పాయింట్ రెండు దాటకూడదని గీత గీశారు. పులుపును బట్టి రంగు మారే పరీక్ష కాగితం కూడా ఒకటి తెచ్చారు. అన్నాన్ని నేరుగా ఆ కాగితానికి అద్దితే పసుపు అంటుకుని రంగు తప్పు చెబుతుంది. అందుకని నూనె తేలనిచ్చి, అడుగు తేటలోనే కాగితం ముంచాలని నేర్పారు.

నేను చదివింది మూడవ తరగతి. పాయింట్ అంటే ఏమిటో నాకు తెలియదు. హనోకు గారు ఒక రూపాయికి పది పది పైసల బిళ్ళలు పేర్చి చూపించారు. నాలుగు రూపాయలు దాటి రెండు బిళ్ళల వరకు సరే, మూడో బిళ్ళ పడితే డేగిస కదలరాదు. రెండు వారాలలో నాకు వచ్చేసింది. తరువాతి సీజనుకు ఉదయం పరీక్ష నేనే చేసి చీటీ మీద అంకె వేసేదానిని. వారు మరొకసారి చూసి సంతకం పెట్టేవారు. ఇద్దరి అంకెలూ కలవని రోజున ఇద్దరమూ మళ్ళీ మొదటినుంచి నూరేవాళ్ళం. సార్ అంకె కదా అని నా అంకెను మార్చుకోవడానికి వారు ఒప్పుకునేవారు కారు.

1994 జనవరిలో ఒక ఉదయం నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. బండ్లు మూడు వందలు, ఆకలి కేకలు, కిటికీ దగ్గర తోపులాట. హనోకు గారు సంతకం పెట్టలేదు. మరింత చింతపండు పులుసు ఉడికించి, కలిపి, ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించి పంపేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర కిటికీ ముందు నిలబడి తిట్లు తిన్నది వారే. ఆనాడు అందరికంటే ముందు నిలబడి, “ఓపిక పట్టుండ్రిరా, గాయినె ఊకె ఆపడు,” అని గుంపును వెనక్కి నెట్టినది ఆశన్న.

ఇంకొక ముచ్చట. 1998లో హనోకు గారు ఏదో పత్రికలో చదివి వచ్చి క్యాంటీనులో చెప్పారు. జపాను దేశంలో అన్నంలో సిర్కా, అంటే వెనిగర్, కలిపి, పైన పచ్చి చేపముక్క పెట్టుకుని తింటారట. అలా అమ్మే దుకాణాలలో అన్నం పులుపును సరిగ్గా మనలాగే, నీళ్ళలో నూరి, మీటరు ముంచి చూస్తారట.

“మరి పోపు?” రుక్మాబాయి అడిగింది.

“పోపు ఉండదట.”

“పల్లీలు?”

“అవి గూడ లేవు.”

“పోపు లేదు, పల్లీలు లేవు. గందుకే పాపం, చేపను గూడ వండకుంట తింటుండ్రు.”

హనోకు గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. వారు అంతగా నవ్వడం ఇరవై ఆరేళ్ళలో నేను రెండు మూడుసార్లే చూశాను.

వారి పర్మనెంటు ఉత్తర్వు 1990 ఏప్రిల్‌లో వచ్చింది. మధ్యలో మూడు సీజన్లు గడిచాయి. ఆ మూడేళ్ళూ వేసవిలో వారు సైకిలు మీద బోధనుకు పోయి పిల్లలకు ట్యూషన్లు చెప్పారు, శారమ్మ బట్టలు కుట్టింది. నేను రోజూ వారిద్దరినీ చూస్తూనే ఉన్నాను. వారు ఒక్కనాడు కూడా నాతో ఆ మాట ఎత్తలేదు, ఎత్తకుండా ఉండడానికి ప్రయాసపడుతున్నట్టుగా కూడా కనిపించలేదు. ఉత్తర్వు కాగితం తెచ్చి చేతికి ఇచ్చినది రాజేశ్వర్ గారే. 1992లో రాజేశ్వర్ గారి కూతురి పెళ్ళి జరిగినప్పుడు, పెళ్ళి పులిహోర స్టీలు టిఫినులో పెట్టి, మనిషినిచ్చి హనోకు గారికి పంపించారు, తినడానికి కాదు, చూసి అంకె చెప్పడానికి. మూడు పాయింట్ తొమ్మిది అని చీటీ రాసి పంపితే గాని వడ్డన మొదలు కాలేదు.

1996లో వారు సీనియర్ కెమిస్టుగాను, 2002లో ప్రయోగశాల బాధ్యులుగాను పదోన్నతి పొందారు. ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చాయి, మీటర్లు మారాయి, నేను 2001లో పని మానుకున్నాను, రుక్మాబాయి నా స్థానంలో పర్మనెంటు వంటమనిషి అయింది. ఉదయం పరీక్ష మాత్రం ఆగలేదు. ఆ పరీక్ష ఉత్తర్వు వచ్చిన నాటినుంచి ఈనాటి వరకు క్యాంటీను అన్నం తిని యార్డులో ఒక్కరు కూడా పడిపోలేదు.

2006 జూన్ ముప్పయ్యవ తేదీ శుక్రవారం నాడు శ్రీ హనోకు గారు పదవీ విరమణ చేస్తున్నారు. వారికి, అన్నిటిలోను వారితో సమానంగా భారం మోసిన శ్రీమతి శారమ్మ గారికి, కుమార్తెలకు, అల్లుళ్ళకు, మనుమలకు ఆయురారోగ్యాలు కలగాలని, కంటిచూపు తగ్గకుండా, కాళ్ళనొప్పులు రాకుండా, ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడవలసిన అవసరం లేకుండా నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్పవలసి ఉండి చెప్పని కృతజ్ఞతను ఇందరి ముందు వారికి సమర్పించుకుంటున్నాను.

చదివినవారిని, విన్నవారిని ఒకటే అడుగుతున్నాను. ఈ సంగతిని జ్ఞాపకం పెట్టుకోండి, కొత్తగా చేరినవారికి చెప్పండి. చెప్పేటప్పుడు పెద్దావిడ కదా, పోనీలే అని నామీద జాలిపడి “ఎవరో సోడా కలిపారు” అనకండి. అంజవ్వ కలిపింది అని చెప్పండి.